చీకుకు కొత్త మనిషి

మూడంతస్తులు ఎక్కి, చేతిలో సంచి కింద పెట్టి, పరుశురాం తన ఇంటి తలుపు తానే తట్టాడు. తట్టీ తట్టగానే లోపలినుంచి వచ్చిన మొరుగుడుకి అదిరిపడి రెండు మెట్లు కిందికి దిగాడు. తలుపు మీద ఉన్నది తన పేరే. బిడ్డ ప్రసన్న బడికి పోయే రోజుల్లో రంగులతో రాసి అంటించిన పేరు. ఇల్లు తనదే, అనుమానం లేదు. మరి తనను రావద్దంటున్నది ఎవరు?

ఇంట్లో కుక్క ఉన్న సంగతి అతనికి తెలియక కాదు. ఏప్రిల్‌లో ఒకరోజు ప్రసన్న వీడియో కాల్ చేసి, అరచేతిలో పట్టేంత కుక్కపిల్లను చూపించింది. హోటళ్లు, చాయ్ బండ్లు మూతపడి వీధికుక్కలకు తిండి దొరకని రోజులవి. తల్లి ఎటుపోయిందో ఏమో, పిల్లొకటి మెట్లెక్కి వచ్చి వీళ్ల చెప్పుల స్టాండు కింద దూరిందట. సపోటా రంగులో ఉందని దానికి "చీకు" అని పేరు పెట్టింది. గుజరాతీలో సపోటాను అట్లాగే అంటారు. "చీకుడేందే, మామిడి టెంక చీకినట్టు?" అని పరుశురాం అప్పుడు నవ్వాడు. ఇప్పుడు తలుపు వెనక గొంతు వింటే ఆ అరచేతి పిల్లదని ఎవరూ అనుకోరు.

అతను ఊరికి పోయింది మార్చి మొదట్లో. సూరత్‌లో చాలా ఏళ్లుగా మరమగ్గాల కార్ఖానాలో సాంచెల మీద బట్ట నేస్తున్నాడు. సొంతూరు వేములవాడ పక్కన. అన్న మొండయ్య గోడ మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని కబురొస్తే, వారంలో వస్తానని ఇంట్లో చెప్పి రైలెక్కాడు. ఇంతలో దేశమంతటికీ తాళం పడింది. రైళ్లు లేవు. రైళ్లు నడిచేసరికి అన్న నడవడం లేదు. అన్న నడిచేసరికి తన భార్య విజయరాణి ఫోన్లో, "ఇప్పుడే రాకు. ఈడ మంచిగ లేదు. కార్ఖానాలు గూడ బందున్నయ్" అంది. అట్లా ఎండాకాలం పోయి, వానాకాలం కూడా పోవడానికి తయారవుతున్నప్పుడు ఉధ్నాలో రైలు దిగి, ఆటో పట్టుకుని, భేస్తాన్‌లో తమ నాలుగంతస్తుల బిల్డింగు ముందు దిగాడు.

తలుపు జానెడు తెరుచుకుంది. విజయరాణి మొహం కనిపించింది. చిక్కిపోయింది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, వెనక్కి తిరిగి ఎవరినో కసురుకుంటోంది.

"జర ఆగు. లోపలికి రాకు."

"నా ఇంట్లకు నన్నే రావద్దంటవా?"

"నిన్నని గాదయ్యా. దానికి కొత్తగద."

"ఎవలు కొత్త? నేనా?"

లోపలినుంచి ప్రసన్న కేక వేసింది. "బాపూ, ఏక్ మినిట్! మెట్ల మీద కూసో. నేను దీన్ని షాంత్ చేస్త."

పరుశురాం మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి తలుపు సందులోంచి చాయ్ గ్లాసు వచ్చింది. అందుకున్నాడు. పైఅంతస్తు ఆడమనిషి ఒకామె మాస్కు సర్దుకుంటూ గోడకు అతుక్కుని అతన్ని దాటిపోయింది. కిరాయికి ఇల్లు వెతుక్కునే మనిషి అనుకుందేమో. చాయ్‌లో చక్కెర తనకు కావలసినంతే ఉంది. అదొక్కటే ఆనవాలు.

ఎట్టకేలకు ప్రసన్న బయటికి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన పిల్ల, ఒక మాట తెలుగులో మొదలుపెడితే ఏ భాషలో తేలుతుందో తనకే తెలియదు. తండ్రిని చూసి ఏడ్చింది. ఏడుపు అయిపోగానే పాఠం మొదలుపెట్టింది.

"చూడు బాపూ. దాని దిక్కు చూడకు. మాట్లాడకు. చెయ్యి జాపకు. ఒక పక్కకు తిరిగి నడువు. నువ్వు లోపలికొచ్చి గోడ దిక్కు మొకం పెట్టి కూసుంటే, అదే వచ్చి నిన్ను వాసన చూస్తది. అది మనింటికొచ్చినకాంచి నన్ను, మమ్మీని తప్ప ఎవ్వల్నీ చూడలే. దానికి దునియా అంటే మేమిద్దరమే. సమజైందా?"

సమజ్ కాలేదు. అయినా తలూపాడు. ఆరేడు నెలల తర్వాత సొంతింట్లో కాలుపెడుతూ, పరుశురాం పీతలా పక్కకు నడిచి, గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు. ఎదురుగా క్యాలెండరు ఉంది. మార్చి నెలే ఉంది. ఇంకా ఎవరూ కాగితం తిప్పలేదు. వెనక గోళ్ల చప్పుడు. వేడి ఊపిరి ఒకటి వీపుకు తగిలింది, నడుముకు తగిలింది, జేబు దగ్గర ఆగింది. రైల్లో తినగా మిగిలిన సకినం ముక్క అందులో ఉంది.

"నవ్వకు బాపూ," అంది ప్రసన్న గుసగుసగా.

"నేను నవ్వుతలేనే," అన్నాడు గోడతో.

ఆ రాత్రికి అతని పడకను, వీళ్లు గ్యాలరీ అనే బాల్కనీలో వేశారు.

"ఇది కరోనాకా, కుక్కకా?" అని అడిగాడు.

"రెండిటికి," అంది విజయరాణి.

పొద్దున్నే లేచి చూస్తే చీకు గ్యాలరీ గుమ్మంలో నిలబడి అతన్నే చూస్తోంది. సన్నటి కాళ్లు, ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి మడతపడి. మొరగలేదు. ముందుకు రాలేదు. వెనక్కి పోలేదు. ఇటు కాలు అటు మార్చి సన్నగా మూలిగింది. ఇదేం సంకటమో పరుశురాంకు అర్థం కాలేదు. చూడకూడదన్నారు కాబట్టి ఆకాశం వంక చూశాడు. చాలాసేపటికి ప్రసన్న లేచి వచ్చి తలకొట్టుకుంది.

"అయ్యో బాపూ, నువ్వు పండుకున్న జాగనే దాని పాయిఖానా!"

ఇంట్లోకి వచ్చినప్పటినుంచి ఆ కుక్క కిందికి దిగలేదు. మొదట పోలీసులు ఎవరినీ బయటికి రానివ్వలేదు. తర్వాత, కుక్కల వల్ల రోగం వస్తుందని బిల్డింగులో ఎవరో పుకారు పుట్టించారు. సొసైటీ పెద్దను అక్కడ ప్రముఖ్ అంటారు. ఆ ప్రముఖ్ ధన్‌సుఖ్‌భాయ్, కుక్క మెట్ల మీద కనిపిస్తే ఊరుకోనన్నాడు. అందుకని గ్యాలరీ మూలన పాత పేపర్లు పరిచి అలవాటు చేశారు. ఆ పేపర్లు తీసేసి, బాపుకు పరుపు వేశారు.

ఆ ఇంటి పద్ధతులన్నీ కుక్క చుట్టూ తిరుగుతున్నాయని పరుశురాంకు మెల్లమెల్లగా తెలిసింది. పొద్దున దానికి బొక్కెన పక్కన స్నానం. తర్వాత నూలు చుట్టగా మిగిలిన ఖాళీ అట్ట కోనులో ప్రసన్న రొట్టె ముక్కలు కుక్కి ఇస్తుంది. చీకు దాన్ని దొర్లించి, కాలితో తొక్కి, మూతితో పొడిచి ఒక్కొక్క ముక్కా రాబట్టుకుంటుంది. "ఊకె కూసుంటే దానికి పిచ్చి లేస్తది. దిమాగుకు పని చెప్పాలె," అంది బిడ్డ. మధ్యాహ్నం ప్రసన్న ఫోన్లో కాలేజీ పాఠం వింటుంటే, అది ఒళ్లో తల పెట్టుకుని తానూ వింటుంది. సాయంత్రం గ్యాలరీ కటకటాల్లోంచి రోడ్డు చూస్తుంది. గుజరాతీలో "బేస్" అంటే కూర్చుంటుంది. "చాల్" అంటే లేస్తుంది. "కూసో" అంటే మాత్రం తల ఒక పక్కకు వాల్చి అతని మొహం చూస్తుంది. అతనికి సిగ్గేసేది. తనింట్లో తన మాట తెలియని ప్రాణి ఒకటి.

కానీ రోజులు గడిచేకొద్దీ రొట్టె పని చేసింది. ముందు నేల మీద వేసినది తిన్నది. తర్వాత అతని మోకాలి మీద పెట్టినది. ఒకరోజు అరచేతిలోదే తిని, ఖాళీ చేతిని కూడా నాకింది. పరుశురాం చెయ్యి అట్లాగే పట్టుకుని వంటింటి దిక్కు తిరిగి, "ఏమే, చూసినవా?" అన్నాడు. విజయరాణి చూసింది. చాలా రోజులకు మనసారా నవ్వింది. ఆ రాత్రి పరుశురాం పడక గ్యాలరీలోంచి లోపలికి వచ్చింది.

కార్ఖానా మళ్లీ తెరిచారు. సగం సాంచెలే నడుస్తున్నాయి, అయినా పిలుపు వచ్చింది. ఆరోజు పొద్దున వాన పట్టుకుంది. పరుశురాం అటక మీదినుంచి తెల్ల ప్లాస్టిక్ కోటు తీసి, దులిపి, తొడుక్కుని, టోపీ తలమీదికి లాక్కుని, మాస్కు పెట్టుకున్నాడు. అన్నం డబ్బా అందివ్వడానికి విజయరాణి దగ్గరికి వచ్చింది.

అప్పటిదాకా కోనుతో ఆడుకుంటున్న చీకు లేచి నిలబడింది. ఒళ్లంతా వణికింది. ఉన్నచోటే ఉచ్చ పోసింది. మరుక్షణం వచ్చి ఇద్దరి నడుమా దూరి, విజయరాణిని వెనక్కి నెడుతూ పళ్లు చూపించింది. నిన్న తన చెయ్యి నాకిన కుక్కేనా ఇది? "ఏయ్ చీకూ, నేనేనే," అంటూ పరుశురాం చెయ్యి ముందుకు పెట్టాడు. అది ఎగిరి కోటు చెయ్యి పట్టుకుంది. చర్రున చిరిగింది. పన్ను మోచేతికి గీసుకుని నెత్తురు చిమ్మింది. డబ్బా కిందపడి అన్నం చెదిరిపోయింది.

"గింత తిండి పెట్టినా గిట్లనా!" పరుశురాంకు కోపం తలకెక్కింది. "అయిపోయింది. ఈ ఇంట్ల అదుండాలె, లేకుంటె నేనుండాలె. తేల్చుకోండ్రి."

విజయరాణి కింద కూర్చుని మెతుకులు ఏరుతోంది. కుక్క ఆమె ఒంటికి ఒరుసుకుని వణుకుతోంది. ప్రసన్న గుడ్డ తెచ్చి తండ్రి చేతికి కట్టబోయి, కట్టలేక, ఆ గుడ్డలోనే మొహం పెట్టుకుంది.

"దాని గల్తీ గాదు బాపూ. అది నువ్వనుకోలే. వాళ్లనుకున్నది."

"ఎవలు వాళ్లు?"

"జూలైల మమ్మీని తీసుకపోయినోళ్లు."

"యాడికి?"

బిడ్డ తల్లి వంక చూసింది. తల్లి మెతుకులే చూస్తోంది. ఇక ఆగలేక ప్రసన్న చెప్పేసింది. జూలైలో విజయరాణికి జ్వరం పట్టింది. దగ్గు పట్టింది. ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ ఊపిరాడక గోడ పట్టుకుంది. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. తలనుంచి కాలిదాకా తెల్ల ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారు. వాళ్లు నడుస్తుంటే బట్టలు గరగరమన్నాయి. మంచిగానే మాట్లాడారు, "ఏం భయం లేదు బెహన్" అన్నారు. కానీ పిల్లకుక్క వాళ్లకు అడ్డంపడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. ప్రసన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని తలుపు దగ్గరే ఉండిపోయింది. విజయరాణిని ఆస్పత్రికి తీసుకుపోయారు. బిల్డింగువాళ్లు ఇటువైపు రాలేదు. ప్రసన్నా చీకూ ఇద్దరే ఇంట్లో. తల్లి ఆస్పత్రినుంచి తిరిగొచ్చేదాకా అది గుమ్మం వదిలి కదలలేదు, రోజుల తరబడి సరిగ్గా తినలేదు.

"అప్పుడు నీ కాడికెళ్లి ఫోనొస్తె మమ్మీ గొంతు కూసున్నదని చెప్పిన. యాదికున్నదా?"

యాదికి ఉంది. గొంతు కూర్చుంటే మిరియాల పాలు తాగమన్నాడు. ఫోన్ పెట్టేసి, అన్నతో కలిసి తాటివనానికి కల్లు తాగడానికి పోయాడు. ఆ సాయంత్రం ఎంత సంతోషంగా గడిచిందో కూడా యాదికి ఉంది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు. ఎవరిని అడుగుతున్నాడో అతనికే తెలియలేదు.

విజయరాణి లేచింది. "చెప్తే ఏం జేస్తుంటివి? నడిచి అస్తుంటివా? అయిపోయింది గద. గిప్పుడు తవ్వుడెందుకు," అని మెతుకులు తీసుకుని వంటింట్లోకి పోయింది.

చిరిగిన కోటు అక్కడే పడేసి, పరుశురాం వానలో తడుస్తూ పనికి పోయాడు. సాంచెల చప్పుడులో ఎవరితోనూ మాట్లాడే పని లేదు, అదొక మేలు. ఒకసారి కోపం వచ్చేది. కట్టుకున్నవాడికి చెప్పకుండా దాచుతారా? మరుక్షణం ఆ కోపం ఎవరిమీద పెట్టాలో తెలిసేది కాదు. చావు అంచుదాకా పోయివచ్చిన మనిషి మీదా? ఒక్కతే ఇంట్లో ఉండి నెగ్గుకొచ్చిన పిల్ల మీదా? తనకు దిగులు కలగకూడదని దాచారా, తనవల్ల ఏమీ కాదని దాచారా? రెండూ ఒకటేనా, వేరువేరా? దారం తెగితే సాంచె దానంతటదే ఆగుతుంది. తన తలకు అట్లాంటి ఏర్పాటు లేదు.

ఇంటికి వచ్చాక కుక్కను ఏం చేయాలన్న మాట అతను ఎత్తలేదు. వాళ్లూ ఎత్తలేదు. సూదులు వేయించుకుని వచ్చి, చేతికి కట్టుతో కూర్చుని, చిరిగిన కోటును ఒళ్లో పెట్టుకుని బిడ్డను పిలిచాడు.

"దీన్ని చూసి గద భయపడ్డది. మరి దీనికి అలవాటు చేసుడెట్ల?"

ప్రసన్న కళ్లు పెద్దవి చేసింది. "నువ్వు చేస్తవా?"

"చేస్తనో చెయ్యనో నాకే ఎర్క లేదు. ముందు చెప్పు."

కోటును ముందు దూరంగా ఒక మూల పడేసి ఉంచారు. చీకు దానికేసి చూసిన ప్రతిసారీ ఒక రొట్టె ముక్క. కొన్నాళ్లకు ముక్కను కోటు అంచు మీదే పెట్టారు. మెడ సాచి, వెనకకాళ్లు పారిపోవడానికి సిద్ధంగా పెట్టుకుని, అందుకుని ఉరికింది. తర్వాత పరుశురాం ఒక చెయ్యి మాత్రమే తొడుక్కుని కూర్చునేవాడు. తర్వాత రెండు చేతులు, టోపీ లేకుండా. "భయపడితే జబర్దస్తీ చెయ్యొద్దు బాపూ. ఒక అడుగు వెనక్కి పోవాలె, మళ్ల మొదలువెట్టాలె," అని బిడ్డ చెప్పింది. అట్లా ఎన్నిసార్లు వెనక్కి పోయాడో లెక్కలేదు. ఎండ కాస్తున్న మధ్యాహ్నం, వాన కోటు తొడుక్కుని, కుక్క ముందు చెమటలు కారుస్తూ కూర్చున్న భర్తను విజయరాణి వంటింటి గుమ్మంలోంచి చూసి, ఏమీ అనకుండా మంచినీళ్లు తెచ్చి పెట్టేది.

మెట్లు మరో కథ. మొదటిరోజు గుమ్మం దాటి చాప మీద నిలబడితే అదే గొప్ప. తర్వాత కింది మలుపుదాకా. ఎవరి తలుపు చప్పుడైనా ఒక్క ఉరుకులో ఇంట్లో పడేది. ఒకరోజు ధన్‌సుఖ్‌భాయ్ ఎదురయ్యాడు. చీకు అతని మీద మొరిగిన మొరుగుడుకి నాలుగు అంతస్తులూ మోగాయి.

"పర్శురామ్‌భాయ్, దీపావళిలోపు ఈ కుక్క పోవాలి," అన్నాడు హిందీలో. "అపార్టుమెంటు ఇది. అడవి కాదు."

"సేఠ్, అది మీరు ఎవరో తెలియక మొరుగుతోంది," అన్నాడు పరుశురాం తనకొచ్చిన హిందీలో. "నా మీద కూడా మొరిగింది. నా ఇంట్లోనే."

ధన్‌సుఖ్‌భాయ్ మాస్కు పైకి లాక్కుని వెళ్లిపోయాడు.

ధన్‌సుఖ్‌భాయ్ వాళ్లది గ్రౌండ్ ఫ్లోర్. అతని తల్లిని అందరూ బా, అంటే అమ్మ, అంటారు. ముసలామెకు రోగం అంటుకుంటుందన్న భయంతో కొడుకు మార్చినుంచి గడప దాటనివ్వలేదు. ఇనుప జాలీ తలుపు వెనక కుర్చీ వేసుకుని పొద్దస్తమానం వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉంటుంది. చీకు మొట్టమొదటిసారి కిందిదాకా దిగినప్పుడు, ఆ జాలీ ముందు ఆగిపోయింది. లోపల కదలకుండా కూర్చున్న తెల్లచీర మనిషి. తెలుపు! పరుశురాం తాడు బిగించి పట్టుకున్నాడు. బా మెల్లగా పక్కకు తిరిగి, కుక్క దిక్కు చూడకుండా, పళ్లెంలోని మెంతి థేప్లా రొట్టె తుంచి జాలీ సందులోంచి జారవిడిచింది. ఎవరు నేర్పారో ఈమెకు! చీకు తిన్నది. ఇంకో ముక్క జారింది. "ఆవ్ దీకరా," అంది బా, రా బిడ్డా అన్నట్టు. చీకు తోక ఒక్కసారి ఊగింది.

అక్కడినుంచి బయట ప్రపంచం. అన్ని నెలల తర్వాత మట్టి మీద కాలు పెట్టినప్పుడు, కాలినట్టు ఎత్తి పట్టుకుని అతని మొహం చూసింది. స్కూటరు, కూరగాయల బండి, మేక, ప్రెషర్ కుక్కర్ కూత, క్రికెట్ బంతి, ప్రతిదాని ముందూ ఆగడమే. "ఏం గాదు, ఏం గాదు," అని అతను అంటూ ఉండేవాడు. ఎవరికి చెప్తున్నాడో అప్పుడప్పుడు సందేహం వచ్చేది. ఎందుకంటే ఊళ్లో అన్ని నెలలున్నాక, మాస్కుల వెనక కళ్లు మాత్రమే కనిపించే ఈ మనుషుల్లో ఎవరు తెలిసినవాళ్లో ఎవరు కారో అతనికీ అంతుపట్టడం లేదు. కార్ఖానాలో పక్క సాంచె మీద పనిచేసే దేవదాస్ పలకరిస్తే ఒకసారి గుర్తుపట్టలేకపోయాడు.

దీపావళి దగ్గరపడ్డాక, ఒక ఉదయం గేటు ముందు కరోనా పరీక్షల బండి ఆగింది. తెల్ల బట్టలవాళ్లు నలుగురు దిగి బల్ల వేశారు. పరుశురాం, చీకు అప్పుడే మెట్లు దిగి వచ్చారు. వెనక్కి పోదామంటే వెనక జనం వరుస కట్టేశారు. చీకు గడ్డకట్టుకుపోయింది. పరుశురాం తాడును చేతికి చుట్టుకున్నాడు. వీళ్లే కదా, ఇట్లాంటివాళ్లే కదా, మెట్లెక్కి వచ్చింది. తానక్కడ లేడు. అయినా ఆ గరగర చప్పుడు తాను కూడా విన్నట్టే ఉంది.

దగ్గరికి పోలేదు, పారిపోలేదు. స్కూటర్ల వెనక, దూరంగా ఒక చోట నిలబడి జేబులోంచి రొట్టె తీశాడు. ఒక ముక్క. వాళ్లకేసి చూపు. ఇంకో ముక్క. చీకు నములుతూనే గుర్రుమంది. అంతలో ఆ నలుగురిలో ఒకడు పక్కకు వచ్చి, ఉక్క భరించలేక టోపీ వెనక్కి తోసి, మాస్కు దించి, సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగాడు. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయిన పాతికేళ్ల పిల్లగాడు. చీకు గుర్రుమనడం ఆపింది. చెవి నిక్కబొడుచుకుంది. ముక్కు పైకెత్తి గాలి వాసన చూసింది. ఆ ప్లాస్టిక్ లోపల మనిషి ఉన్నాడు! పరుశురాం కూడా ఆ మొహాన్నే తేరిపార చూస్తున్నాడు.

"కరుస్తదా అంకుల్?" అని ఆ పిల్లగాడు దూరంనుంచే హిందీలో అడిగాడు.

"ఏమో. ఇవాళ ఏం చేస్తదో తెలియదు," అన్నాడు పరుశురాం. "మీరు మంచిగుండాలె బేటా."

ధన్‌సుఖ్‌భాయ్ వరుసలో నిలబడి ఇదంతా చూశాడు. దీపావళి వచ్చింది, టపాకాయలకు చీకు స్నానాల గదిలో దాక్కుంది. దీపావళి పోయింది. కుక్క సంగతి అతను మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం బా అని తర్వాత తెలిసింది. ఆ కుక్క రాకపోతే తాను రోటీ ముట్టనని కొడుకుతో పంతం పట్టిందట.

ఇక అక్కడినుంచి పరుశురాంకు కొత్త తికమక మొదలైంది. చీకు ఇప్పుడు అందరిదీ. తలుపు తీస్తే చాలు, తాడు లేకుండానే దిగిపోయి, జాలీ తీయించుకుని బా కాళ్ల దగ్గర పడుకుంటుంది. పైఅంతస్తు ఆడమనిషి సంచి మోసుకొస్తే వెంట నడుస్తుంది. అతను పనినుంచి వచ్చి కోనులో రొట్టె కుక్కి పెడితే, అది కింద థేప్లా తిని కడుపు నింపుకుని వస్తుంది. ఇంత కష్టపడింది ఇందుకేనా? ఇందుకే. అయినా కోను అట్లాగే పడి ఉంటే, మనసులో ఏదో ముల్లులా గుచ్చుకునేది.

ఒక ఆదివారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని కింది తలుపు దిక్కు చూస్తున్నాడు. విజయరాణి చాయ్ తెచ్చి ఇచ్చి, తాను కూడా కొంగు సర్దుకుని పక్కన కూర్చుంది.

"రాలేదా?"

"ఆడనే పండుకున్నది. పిలిస్తె ఒక్క కన్ను తెరిచి చూసింది. గంతే."

ఆమె నవ్వింది. కింద బా ఇంట్లో టీవీ మోగుతోంది.

"ఆస్పత్రిల ఉన్నప్పుడు," అంది విజయరాణి ఉన్నట్టుండి, "నీ మొకం యాదికి తెచ్చుకుందామని మస్తు చూసిన. రాలే."

పరుశురాం గ్లాసు పక్కన పెట్టాడు.

"నీ చెప్పులు యాదికొచ్చినయ్. నీ దగ్గు యాదికొచ్చింది. మొకం రాలే. కండ్లు మూసుకుంటే ఆ కుక్క మొకమే అచ్చేది. ఇంత ఖర్మనా, కట్టుకున్నోని మొకం మర్సిపోయి కుక్క మొకం యాదికొచ్చుడేందని ఏడుపచ్చింది. నర్సమ్మ నొప్పిలేస్తుందనుకుని సూది తెచ్చింది."

"గిట్ల చెప్తే నేనేమనుకోవాలె?" అన్నాడు.

"నాకేమెరుక? అందుకే చెప్పలే ఇన్ని రోజులు."

పరుశురాం ఆమె మొహం వంక చూశాడు. జూలైలో ఆ మొహం ఎట్లా ఉండి ఉంటుందో ఊహించబోయాడు. అతనికీ రాలేదు. ఆ సంగతి ఆమెతో అనాలా వద్దా అని ఆలోచిస్తుంటే, ఆమే మోచేత్తో పొడిచింది.

"నువ్వు గూడ ఏం చెప్పలే గద. అన్ని నెలలు ఊళ్లె ఏం జేసినవ్?"

"ఏం జేసిన? అన్నను లేపిన, కూసోవెట్టిన. బర్లను కాసిన."

"గట్ల గాదు. మంచిగ చెప్పు. పోయిన కాడినుంచి."

యాడినుంచి మొదలుపెట్టాలో పరుశురాంకు తోచలేదు. గోడ మీదినుంచి పడ్డ అన్నతోనా, బందయిన రైళ్లతోనా. చివరికి గొంతు సవరించుకుని, తాటివనంలో కల్లు తాగిన ఆ జూలై సాయంత్రం గురించే ముందు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది.